ఫొదేబా కేయితా: గాయకుడు, మంత్రి, ఖైదీ

పశ్చిమాఫ్రికాలో అట్లాంటిక్ తీరాన ఉన్న గినీ, ముస్లిములు అత్యధిక సంఖ్యలో నివసించే దేశాలలో ఒకటి. అక్కడి జనాభాలో నూటికి ఎనభై మందికి పైగా ముస్లిములే. 1958 అక్టోబర్ 2న ఫ్రెంచి పాలన నుండి విముక్తి పొందిన ఈ దేశపు జాతీయగీతానికి 'స్వేచ్ఛ' అని పేరు. ఆ గీతానికి సంగీతం సమకూర్చిన వ్యక్తి ఫొదేబా కేయితా. ఆయన కవి, సంగీతకారుడు, నాటకకర్త. ఆఫ్రికా నృత్యగానాలను ప్రపంచ రంగస్థలాలపైకి తెచ్చినవారిలో ప్రథముడు. స్వతంత్ర గినీకి హోం మంత్రిగా, తరువాత రక్షణ, భద్రతా శాఖల మంత్రిగా పనిచేశారు. 1969 మే 27న ఆ ప్రభుత్వమే తన చెరసాలలో, ఏ న్యాయస్థానపు విచారణా లేకుండా, ఆయన ప్రాణం తీసింది. ఆ చెరసాల ఆయన మంత్రిగా ఉన్న రోజులలో ఆయన పర్యవేక్షణలోనే నెలకొన్నది.

పరాయి ప్రభువుల దౌర్జన్యాన్ని తన పాటలో నిలదీసిన మనిషి, అధికారం తన చేతికి వచ్చినప్పుడు ఏమి చేశాడు? ఏమి చేయలేకపోయాడు? ఫొదేబా కేయితా జీవితం ముస్లిం చదువరుల ముందు ఉంచే ప్రశ్న ఇది. దీనిని అర్థం చేసుకోవాలంటే ముందు ఆయన పుట్టిన నేలను గురించి కొంత తెలుసుకోవడం అవసరం.

మాలి సామ్రాజ్యపు వారసత్వం

నైజరు నది ఎగువ భాగాన నివసించే మాండింకా ప్రజల చరిత్రలో మాలి సామ్రాజ్యానిది అగ్రస్థానం. 13వ శతాబ్దంలో దానిని స్థాపించిన సుండియాటాది కేయితా వంశం. 1324లో హజ్ యాత్రకు వెళ్ళి, దారిలో కైరో నగరంలో విరివిగా బంగారం పంచి పేరుపొందిన మన్సా మూసా కూడా ఆ వంశీకుడే. 1352-53 సంవత్సరాలలో ప్రఖ్యాత యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ రాజ్యాన్ని సందర్శించాడు. అప్పుడు మన్సా సులైమాన్ పాలిస్తున్నాడు. అక్కడి ప్రజలు నమాజు పట్ల చూపే శ్రద్ధను, పిల్లలచేత ఖుర్ఆన్ కంఠస్థం చేయించడంలో వారి పట్టుదలను ఇబ్న్ బతూతా మెచ్చుకున్నాడు. అన్యాయం అక్కడ అరుదనీ, అన్యాయం చేసినవానిని సుల్తాను క్షమించడనీ, పరదేశి మరణిస్తే అతని ఆస్తిని ఎవరూ కాజేయరనీ ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

ఆయన నచ్చక రాసిన సంగతులు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి దర్బారు గాయకుల సంప్రదాయం. పండుగ దినాలలో దూఘా అనే ఆస్థాన ద్విభాషి, అడుగున చిన్న సొరబుర్రలు కట్టిన వాద్యాన్ని వాయిస్తూ సుల్తానును స్తుతించేవాడు. తరువాత ఈకల వేషం ధరించిన కవులు వచ్చి సింహాసనం ఎదుట నిలిచి, నీకు ముందు ఈ పీఠంపై కూర్చున్నవారు ఫలానా మంచి పనులు చేశారు, నీవు కూడా నీ తరువాత చెప్పుకోదగిన మంచి చేయి అన్న భావంతో గానం చేసేవారు. యాత్రికునికి ఆ వేషం హాస్యాస్పదంగా తోచింది. కాని ఆ గానంలో స్తోత్రంతోపాటు హితబోధ కూడా ఉన్నదని ఆయన రాతే సాక్ష్యమిస్తున్నది.

ఈ వంశపారంపర్య గాయకులను మాండింకా భాషలో 'జెలి' అంటారు. ఫ్రెంచివారు 'గ్రియో' అని పిలిచారు. రాజుల వంశావళులు, యుద్ధగాథలు, ఒడంబడికలు వీరి నోటనే నిలిచాయి. రాజవంశీయులు పాడరు, పాడించుకుంటారు. కేయితాలు రాజవంశీయులు. కనుక ఆ ఇంటిపేరుగలవాడు సంగీతాన్ని వృత్తిగా స్వీకరించడం సంప్రదాయానికి ఎదురీత వంటిది. ఇక 'ఫొదే' అన్నది ఆ ప్రాంతపు ముస్లిములలో ధార్మిక విద్య నేర్చినవారికి ఇచ్చే గౌరవనామం. ఈ విధంగా రాజ్యం, విద్య రెండూ ఆయన పేరులోనే ఉన్నాయి. గానాన్ని మాత్రం ఆయన తానుగా ఎంచుకున్నారు.

సంగీతం ధర్మసమ్మతమా కాదా అన్న విషయంలో ఫిఖహ్ పండితుల మధ్య ప్రాచీనకాలం నుండి భేదాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. మాండింకా సమాజంలో ఉలమాలూ, జెలీలూ శతాబ్దాల తరబడి పక్కపక్కనే జీవించారన్నది మాత్రం చారిత్రక సత్యం.

చదువు, రంగస్థలం

ఫొదేబా కేయితా 1921 జనవరి 19న గినీ ఎగువ ప్రాంతంలో, నైజరు ఒడ్డున గల సిగిరిలో జన్మించారు. అప్పుడు గినీ ఫ్రెంచి పశ్చిమాఫ్రికాలో ఒక భాగం. చురుకైన విద్యార్థులను ఏరి ఉపాధ్యాయులుగా, గుమాస్తాలుగా, వైద్య సహాయకులుగా తయారుచేసే విలియం పోంటీ పాఠశాల సెనెగల్‌లో ఉండేది. పశ్చిమాఫ్రికా తొలితరం నాయకులలో చాలామంది అక్కడ చదివినవారే. కేయితా కూడా అక్కడే చదివారు. తమ తమ ప్రాంతాల ఆచారాలను, గాథలను సేకరించి నాటకాలుగా ప్రదర్శించే అలవాటు ఆ బడిలో ఉండేది. పాలకులకు అది వినోదం. విద్యార్థులకు మాత్రం తమ గతాన్ని తామే రంగస్థలంపై చూసుకొనే అవకాశమైనది.

కొంతకాలం సెనెగల్‌లో ఉపాధ్యాయునిగా పనిచేసిన తరువాత, 1948లో ఆయన న్యాయశాస్త్రం చదవడానికి పారిస్ వెళ్ళారు. అక్కడ చదువుతోపాటు ఒక వాద్యబృందాన్ని నెలకొల్పారు. 1950 ప్రాంతాలలో ఆఫ్రికా నుండి వచ్చిన యువకులను కూడగట్టి నాటక, నృత్య బృందాన్ని తయారుచేశారు. అదే తరువాత 'బాలే ఆఫ్రికేన్' అనే పేరుతో యూరప్, అమెరికా ఖండాలలో ప్రఖ్యాతి పొందినది. అంతవరకు ఆఫ్రికా నృత్యమంటే యూరప్ ప్రేక్షకులకు వలస ప్రదర్శనశాలల్లో చూపే వింత. దానికి కథ ఉన్నదనీ, క్రమశిక్షణ ఉన్నదనీ, చరిత్ర ఉన్నదనీ ఈ బృందం చూపించినది.

1950లో ఆయన కవితల సంపుటి, 1952లో 'బడిపంతులు' అనే అర్థం వచ్చే రచన వెలువడ్డాయి. ఆయన కవితలు చదువుకోవడానికి మాత్రమే రాసినవి కావు. ఏ చోట గిటారు మోగాలో, ఏ చోట కోరా వినిపించాలో, ఏ చోట బాలాఫోన్ అందుకోవాలో కవితలోనే సూచించి ఉంటుంది. జెలి గానపద్ధతిని ఆయన ఫ్రెంచి అక్షరాలలోకి తెచ్చారన్నమాట. ఆ కవితలు ప్రజలను రెచ్చగొడతాయని భావించి 1951లో ఫ్రెంచి అధికారులు తమ ఆఫ్రికా వలసలలో వాటిని నిషేధించారు.

తియరోయ్ సాక్షి

ఆ రచనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 'ఆఫ్రికా ఉషస్సు'. నైజరు ఒడ్డు పల్లెకు చెందిన నామాన్ అనే రైతు యువకుడు ఇందులో కథానాయకుడు. అతడిని ఫ్రెంచి సైన్యంలోకి పంపుతారు. యూరప్ యుద్ధభూములను, శత్రువుల చెరను దాటి ప్రాణాలతో బయటపడి, స్వదేశానికి తిరిగివస్తూ డకార్ సమీపాన తియరోయ్‌లో అతడు మరణిస్తాడు. అతనిని చంపినది శత్రువు కాదు, అతడు ఏ సైన్యం తరఫున పోరాడాడో ఆ సైన్యమే.

ఇది కల్పిత పాత్ర అయినా సంఘటన కల్పితం కాదు. 1944 డిసెంబర్ 1న, జర్మనుల చెర నుండి విడుదలై వచ్చిన ఆఫ్రికా సైనికులు తమకు రావలసిన బకాయి జీతాలను అడిగినందుకు తియరోయ్ శిబిరంలో వారిపై కాల్పులు జరిగాయి. అధికారులు మృతుల సంఖ్యను 35గా ప్రకటించారు. అది అంతకంటే చాలా ఎక్కువని చరిత్రకారులు వాదించారు. 2014లో ఫ్రాన్సు అధ్యక్షుడు ఓలాంద్ 70కి పైగా ఉండవచ్చునని అంగీకరించారు. 2024లో అధ్యక్షుడు మాక్రోన్ దానిని మారణకాండగా గుర్తించారు. ప్రభుత్వం 80 సంవత్సరాల తరువాత ఒప్పుకున్న మాటను కేయితా కవిత ఆ సంఘటన జరిగిన కొద్ది సంవత్సరాలకే చెప్పింది.

అల్జీరియా స్వాతంత్ర్యోద్యమానికి అండగా నిలిచిన ఫ్రాంట్జ్ ఫానోన్, 1961లో వెలువడిన తన చివరి గ్రంథంలో జాతీయ సంస్కృతిని గురించిన అధ్యాయంలో ఈ కవితను దాదాపు పూర్తిగా ఉదహరించాడు. వలస ప్రజల కవి ఎలా ఉండాలో చెప్పడానికి కేయితాను ఆదర్శంగా చూపాడు. ఆయన ఇప్పుడు గినీకి హోం మంత్రి అని కూడా సగర్వంగా పేర్కొన్నాడు. ఆ పుస్తకం అచ్చయిన సంవత్సరంలోనే కేయితా చేతికి రక్షణ, భద్రతా శాఖలు వచ్చాయి.

అధికార పీఠం

1957 మార్చిలో జరిగిన ఎన్నికలలో కేయితా గినీ ప్రాంతీయ శాసనసభకు ఎన్నికయ్యారు. అదే సంవత్సరం సేకూ తూరే నాయకత్వాన ఏర్పడిన పరిమిత స్వపరిపాలనా మంత్రివర్గంలో హోం మంత్రి అయ్యారు. సంవత్సరాంతానికి, ఫ్రెంచివారి తరఫున పన్నులు వసూలుచేస్తూ, వెట్టిచాకిరి చేయిస్తూ వచ్చిన ప్రాంతీయ దొరల వ్యవస్థ రద్దయినది. పల్లె ప్రజలకు ఇది గొప్ప ఊరట. ఈ మార్పును అమలుపరచిన శాఖ కేయితాదే.

1958 సెప్టెంబర్ 28న ఫ్రెంచి నాయకుడు డి గాల్ తన వలసలన్నిటిలోనూ ప్రజాభిప్రాయ సేకరణ జరిపించాడు. ఫ్రెంచి సముదాయంలో కొనసాగుతారా, తక్షణ స్వాతంత్ర్యం కోరుతారా అన్నది ప్రశ్న. ఆఫ్రికా వలసలలో గినీ ఒక్కటే 'కొనసాగము' అని తీర్పు చెప్పింది. అలా చెప్పినవారు నూటికి 95 మంది. నాలుగు రోజులకు దేశం స్వతంత్రమైనది.

జాతీయగీతం కోసం కేయితా ఎన్నుకున్న బాణీ గమనించదగినది. అది లాబే పాలకుడు అల్ఫా యాయాను కీర్తిస్తూ గాయకులు పాడుకొనే పాత పాట. గినీ మధ్యభాగాన గల ఫూటా జలోన్ పీఠభూమిలో 18వ శతాబ్దంలో ఉలమాల నాయకత్వాన ఒక ఇస్లామీయ రాజ్యం ఏర్పడినది. దాని పాలకుని 'అల్మామీ' అనేవారు. 'అల్ ఇమామ్' అన్న మాటకు అది రూపాంతరం. 1896లో ఫ్రెంచివారు ఆ రాజ్యాన్ని జయించారు. దానిలోని లాబే ప్రాంతాధిపతి అల్ఫా యాయా మొదట ఫ్రెంచివారికి తోడ్పడ్డాడు. ఆ తోడ్పాటు అతనిని రక్షించలేదు. 1905లో వారే అతనిని ప్రవాసానికి పంపారు. తిరిగివచ్చిన కొద్దికాలానికే మళ్ళీ బంధించి మారిటేనియా తీరానికి తరలించారు. 1912లో అతడు అక్కడే మరణించాడు. తాను బలపరచిన అధికారం చేతనే బంధితుడై మరణించినవాని స్తుతిగీతం ఆ విధంగా స్వేచ్ఛాగీతమైనది.

కుట్రలు, అనుమానాలు

కొత్త రాజ్యానికి ఎదురైన ప్రమాదాలు కల్పితాలు కావు. 'కొనసాగము' అన్నందుకు ఫ్రెంచివారు తమ ఉద్యోగులను, పరికరాలను, పత్రాలను తీసుకొని హఠాత్తుగా వెళ్ళిపోయారు. 1960లో గినీ సొంత నాణెం ప్రవేశపెట్టినప్పుడు, ఫ్రెంచి గూఢచారి సంస్థ దొంగనోట్లు చలామణి చేయించి దానిని దెబ్బతీయజూచినది. 1970 నవంబర్‌లో పోర్చుగీసు సేనలు రాజధాని కొనాక్రీపై సముద్రమార్గాన దాడి చేశాయి. కాబట్టి అప్రమత్తత అవసరమే. అయితే ఉన్న శత్రువును సాకుగా చూపి, ప్రశ్నించిన ప్రతి మనిషినీ శత్రువుగా ముద్రవేసే పద్ధతి క్రమంగా స్థిరపడింది.

1961 చివర ఉపాధ్యాయ సంఘం జీతాల విషయంలో అసమ్మతి తెలిపింది. ప్రభుత్వం దానిని కుట్ర అన్నది. సంఘ నాయకులు చెరసాల పాలయ్యారు. సుండియాటా గాథను జెలి నోట విని 1960లో గ్రంథస్థం చేసిన చరిత్రకారుడు జిబ్రిల్ తమ్సీర్ నియాన్ వారిలో ఒకరు. అప్పుడు భద్రతా శాఖ మంత్రి ఒకనాటి బడిపంతులు, 'బడిపంతులు' రచయిత ఫొదేబా కేయితా. 1965లో మరొక కుట్ర ఆరోపణ వచ్చింది. కొత్త పార్టీ పెట్టదలచిన ఒక వర్తకుడు, అతని సహచరులు అరెస్టయ్యారు. రాజధానిలోని సైనిక శిబిరంలో 1960 దశాబ్ది ఆరంభం నుండి ఇటువంటి ఖైదీల కోసం గదులు సిద్ధమయ్యాయి. ఆ పని కేయితా అధికారం కింద జరిగింది.

1965లో ఆయనను రక్షణ శాఖ నుండి తప్పించి, వ్యవసాయం, చేతివృత్తుల శాఖకు మార్చారు. 1966లో ఘనా నాయకుడు ఎన్‌క్రుమాను సైన్యం కూలదోసింది. 1968 నవంబర్‌లో పొరుగున మాలిలో మోదిబో కేయితా ప్రభుత్వానికి అదే గతి పట్టింది. సేకూ తూరే సొంత సైన్యాన్నే నమ్మలేని స్థితికి వచ్చాడు. 1969 ఆరంభంలో లాబేలోని సైనికులు కుట్ర పన్నారన్న ఆరోపణ బయలుదేరింది. బంధించిన సైనికులను వాయుమార్గాన కొనాక్రీకి తరలిస్తుండగా వారు తిరగబడి, వెంట ఉన్న మమదూ బోయిరో అనే పోలీసు అధికారిని పైనుండి తోసివేశారు. ఆయన స్మారకార్థం ఆ చెరసాల శిబిరానికి బోయిరో పేరు పెట్టారు.

ఆ కుట్రలో భాగస్వాములంటూ మార్చిలో అరెస్టయినవారిలో ఫొదేబా కేయితా, సైన్యాధికారి కమాన్ దియాబీ ఉన్నారు. లాబే ప్రభువు పాటను జాతీయగీతంగా మలచినవాడు 'లాబే కుట్ర' నేరారోపణకు గురయ్యాడు. వాదించే అవకాశం లేదు, బహిరంగ న్యాయస్థానం లేదు. రెండు నెలలు తిరిగేసరికి మరణదండన అమలు జరిగింది. అప్పటికి ఆయన వయస్సు 48.

చెరసాల, షరీఅత్

బోయిరోలో అమలైన శిక్షలలో మిక్కిలి క్రూరమైనది 'నల్ల పథ్యం'. ఖైదీని గదిలో బంధించి, ప్రాణం పోయేవరకు అన్నం, నీళ్ళు రెండూ నిలిపివేయడమే అది. ఆఫ్రికా ఐక్యతా సంస్థకు 1964 నుండి 1972 వరకు ప్రధాన కార్యదర్శిగా ఉన్న దియాల్లో తెల్లి 1977లో ఈ విధంగానే మరణించాడు. హింసలకు తాళలేక ఖైదీలు చెప్పిన ఒప్పుకోళ్ళను రికార్డు చేసి రేడియోలో ప్రసారం చేసేవారు. ఇవన్నీ ముస్లిం ఆధిక్య దేశంలో, ముస్లిం పాలకుల చేతులమీదుగా జరిగాయి. అందుచేత ఇస్లామీయ న్యాయశాస్త్రం ఈ విషయంలో ఏమన్నదో గుర్తుచేసుకోవడం అవసరం.

హిజ్రీ రెండవ శతాబ్దిలో ఇమాం అబూ హనీఫా శిష్యుడు ఖాజీ అబూ యూసుఫ్, ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై 'కితాబుల్ ఖరాజ్' రచించాడు. పన్నుల గ్రంథంగా పేరుపొందిన దీనిలో ఖైదీల హక్కులను గురించిన భాగం ఉంది. ఖైదీకి తిండి ఖర్చు ప్రభుత్వ ఖజానా నుండి నెలనెలా అందాలి. చలికాలానికి, ఎండాకాలానికి వేర్వేరు దుస్తులు ఇవ్వాలి. గొలుసులతో వీధుల్లో తిప్పి భిక్షమెత్తించరాదు. దిక్కులేని ఖైదీ మరణిస్తే గుస్ల్, కఫన్, జనాజా నమాజ్, ఖననం ప్రభుత్వమే జరిపించాలి. కొట్టి చెప్పించిన ఒప్పుకోలు ఆధారంగా శిక్షించరాదు. ఇవి ఆయన ఒక మహా సామ్రాజ్యాధిపతికి నేరుగా ఇచ్చిన సలహాలు.

గినీ ముస్లిములు అనుసరించే మజ్‌హబ్ ఇమాం మాలిక్‌ది. బలవంతం కింద పలికిన మాట చెల్లదన్న తన తీర్పును వదలుకోనందుకు మదీనాలో కొరడా దెబ్బలు తిన్న మహనీయుడాయన. అనుమానం ఉన్నచోట శిక్షను ఆపాలన్నది, ఆరోపించినవాడే రుజువు చూపాలన్నది ఫిఖహ్‌లో సుప్రసిద్ధ సూత్రాలు. ఖైదీ శత్రువా మిత్రుడా, పాలకుడు స్వదేశీయుడా పరదేశీయుడా అన్న తేడా వీటికి లేదు. బోయిరోలో ఈ సూత్రాలలో ఒక్కటైనా అమలై ఉంటే మూతపడిన తలుపుల వెనుక అన్ని ప్రాణాలు పోయేవి కావు.

ఆయన జీవితం చెప్పే పాఠం

ఫొదేబా కేయితాను కేవలం బాధితునిగా చూపేవారు ఉన్నారు. కేవలం దౌర్జన్యానికి సాధనంగా చూపేవారూ ఉన్నారు. రెండూ అసమగ్రమే. నామాన్ కోసం కన్నీరు పెట్టిన కవి, ఉపాధ్యాయులను బంధించిన మంత్రి, ఆకలి గదిలో పడిన ఖైదీ ఒకే మనిషి. వలస పాలనలో ఆయన చూసిన దోషం నిజమైనది. అయితే ఆ దోషం ఫ్రెంచివానితోనే పోతుందని ఆయన తరం నమ్మింది. జీతం అడిగిన సైనికునిపై తుపాకి ఎత్తిన అధికారమూ, జీతం అడిగిన ఉపాధ్యాయునికి సంకెల వేసిన అధికారమూ చేసిన పని ఒకటేనని ఆ తరం గుర్తించలేదు. అధికారం అమానత్ అని ఇస్లాం చెప్పడంలోని అంతరార్థం ఇక్కడే తెలుస్తుంది. అమానత్ పుచ్చుకున్నవాడు దానిని ఎవరి నుండి గుంజుకున్నాడన్నది కాదు, ఎలా నిర్వహించాడన్నదే ప్రశ్న.

మాలి దర్బారులో జెలి రాజు ఎదుట నిలిచి, మంచి చేయమని చెప్పేవాడు. అతడు సింహాసనానికి ఎదురుగా ఉన్నంతకాలమే ఆ మాటకు విలువ. కేయితా సింహాసనం పక్కకు చేరిన తరువాత ఆ ఎదురు స్థానం ఖాళీ అయింది. ఉలమాలకు కూడా ఇదే వర్తిస్తుంది. హారూన్ రషీద్ కొలువులో ప్రధాన ఖాజీగా ఉంటూనే అబూ యూసుఫ్ ఖైదీల పక్షాన రాయగలగడం, పదవిలో ఉన్నవారికి ఇది అసాధ్యం కాదని నిరూపిస్తున్నది.

సేకూ తూరే 1984 మార్చి 26న మరణించాడు. వారం రోజులకే సైన్యం అధికారం చేజిక్కించుకొని బోయిరో తలుపులు తెరిచింది. అక్కడ మరణించిన ఎందరి శవాలో కుటుంబాలకు అందనేలేదు. తమవారిని ఎక్కడ పూడ్చారో చెప్పమని బాధిత కుటుంబాల సంఘం ఆ తరువాత దశాబ్దాల పాటు అడుగుతూ వచ్చింది. బాలే ఆఫ్రికేన్ బృందం వ్యవస్థాపకుని మరణానంతరం కూడా గినీ పేరిట ప్రపంచ యాత్రలు చేసింది. ఆయన కూర్చిన బాణీయే నేటికీ ఆ దేశపు జాతీయగీతం. తియరోయ్ మృతులను ఫ్రాన్సు చేత ఒప్పించడానికి 80 సంవత్సరాలు పట్టింది. బోయిరో మృతుల లెక్క చెప్పవలసినవారు మాత్రం పరాయివారు కారు.